ఐర్లాండ్ వస్తున్న మనోళ్ళకి: క్యాంపస్ బెడ్డా, ప్రైవేట్ స్టూడెంట్ బిల్డింగా, డిగ్సా, షేరింగ్ ఇల్లా?

పోయిన నెల మా పిన్ని కొడుకు ఒక వార్త ఫార్వర్డ్ చేశాడు, ఐర్లాండ్ గవర్నమెంట్ యూనివర్సిటీలకి డబ్బులిచ్చి వెయ్యికి పైగా స్టూడెంట్ బెడ్లు కట్టిస్తోందని, కింద "అన్నా ఇంక రూమ్ టెన్షన్ లేనట్టేగా" అని ఒక నవ్వు మొహం. వాడొచ్చేది ఈ సెప్టెంబర్‌కి, ఆ వార్త చూస్తే 2024ది. ఆ బెడ్ల మీద వీడు పడుకోవడం ఎలాంటిదంటే, వానలు పడి చెరువు నిండాక చేపలు పడదాంలే అని ఇప్పుడే మసాలా నూరి పెట్టుకున్నట్టు.

ఏటా జూన్, జూలై వచ్చిందంటే నా ఫోన్‌కి ఇదే ప్రశ్న. హైదరాబాద్‌లో అయితే ఏముంది, దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాగ్ భుజానేసుకుని నాలుగు సందులు తిరిగితే సాయంత్రానికి త్రీ షేరింగో ఫోర్ షేరింగో దొరుకుతుంది, కూర నచ్చకపోతే నెల తిరక్కుండానే పక్క హాస్టల్‌కి మారిపోతాం. డబ్లిన్‌లో ఆ ధీమాతో దిగినవాళ్ళు మొదటి నెలంతా టూరిస్ట్ హాస్టళ్ళలో బంక్ బెడ్డుకి రోజువారీ లెక్కన డబ్బు పోసి, క్లాసులు మానేసి రూమ్ వ్యూయింగులకి తిరిగినవాళ్ళే.

ఇక్కడ స్టూడెంట్‌కి ఉన్న దారులు నాలుగు: కాలేజీ సొంత క్యాంపస్ రూమ్, ప్రైవేట్ స్టూడెంట్ బిల్డింగ్, డిగ్స్ అంటే ఓనర్ ఉండే ఇంట్లోనే ఒక రూమ్, నలుగురు కలిసి తీసుకునే షేరింగ్ ఇల్లు. ఈ నాలుగింట్లోనూ గవర్నమెంట్ వేలు పెట్టింది, కాకపోతే ఒక్కోదాంట్లో ఒక్కోలా పెట్టింది. క్యాంపస్‌కి డబ్బిచ్చింది, ప్రైవేట్ బిల్డింగులకి రూల్స్ పెట్టింది, ఇంట్లో ఖాళీ రూమ్ ఉన్న ఓనర్లకి టాక్స్ మాఫీ ఇచ్చింది, మామూలు అద్దె ఇళ్ళకి రెంట్ ఇష్టమొచ్చినట్టు పెంచకుండా సీలింగ్ వేసింది. కట్టడానికి ఏళ్ళు పడుతుంది, రూల్ మాత్రం ఈ రోజే పనిచేస్తుంది. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, బెడ్ల అంకెలు చూడకండి, మీరు దిగే రోజుకి ఆల్రెడీ పనిచేస్తున్నదేంటో చూసి ఎంచుకోండి అని.

ఈ పరిస్థితి ఎందుకొచ్చిందో రెండు ముక్కల్లో చెప్పేస్తా. 1999లో సెక్షన్ 50 అని ఒక టాక్స్ రాయితీ తెచ్చి స్టూడెంట్ల కోసం ఇళ్ళు కట్టించారు, కాలేజీల చుట్టుపక్కల కనిపించే పాత స్టూడెంట్ విలేజీలు చాలావరకు ఆ పుణ్యమే. 2008 ఆర్థిక సంక్షోభం దెబ్బకి దేశంలో ఇళ్ళ కట్టడమే కుదేలైపోయింది, స్టూడెంట్లు మాత్రం పెరుగుతూ పోయారు. 2017లో స్టూడెంట్ అకామడేషన్ కోసం ఒక జాతీయ ప్లాన్ వేసి 2024కల్లా కొత్తగా 21,000 బెడ్లు అన్నారు. కట్టినవాటిలో ఎక్కువ భాగం ప్రైవేట్ కంపెనీలవి, అవీ ఎక్కువగా డబ్లిన్‌లో, అవీ ఒక్కొక్కళ్ళకి సెపరేట్ బాత్రూమ్ ఉండే ఖరీదైన రూములు. కోవిడ్ టైమ్‌లో స్టూడెంట్లు లేరని కొన్ని బిల్డింగుల వాళ్ళు టూరిస్టులకి ఇచ్చుకుంటామని పర్మిషన్ తెచ్చుకున్నారు కూడా, తీరా 2021 సెప్టెంబర్‌కి కాలేజీలు తెరిచి పిల్లలు తిరిగొచ్చేసరికి కటకట. స్టూడెంట్ల కోసం అని కట్టిన బిల్డింగ్‌లో స్టూడెంట్ తప్ప అందరూ ఉండొచ్చు అన్నట్టు అయింది అప్పుడు.

క్యాంపస్ బెడ్

కాలేజీ సొంత రూమ్ దొరికితే రెండో ఆలోచన పెట్టుకోకండి, తీసేసుకోండి, ఈ పేరా మిగతాది చదవకపోయినా పర్లేదు. మోసం ఉండదు, బస్ ఖర్చుండదు, రాత్రి లైబ్రరీ నుంచి నడిచి వచ్చెయ్యొచ్చు, పీపీఎస్ (టాక్స్‌కీ ప్రభుత్వ పనులకీ కావాల్సిన గుర్తింపు) నంబర్‌కీ బ్యాంక్ అకౌంట్‌కీ అడ్రస్ ప్రూఫ్ కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

సమస్యల్లా దొరకడమే. క్యాంపస్ బెడ్లు ముందు డిగ్రీ ఫస్ట్ ఇయర్ పిల్లలకి అని చాలా యూనివర్సిటీలు పక్కన పెట్టేస్తాయి, ఎంఎస్సీకి వచ్చే మనలాంటి వాళ్ళకి మిగిలేది కొంచెం. కొన్నిచోట్ల లాటరీ, కొన్నిచోట్ల ముందొచ్చినవాళ్ళకి ముందు. అందుకని ఆఫర్ లెటర్ వచ్చిన రోజే, వీసా సంగతి తర్వాత, అకామడేషన్ అప్లికేషన్ ఎప్పుడు ఓపెన్ అవుతుందో చూసి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఫీజు కట్టాక చూద్దాంలే అనుకున్నవాళ్ళకి ఆ పేజీలో కనిపించేది వెయిటింగ్ లిస్టే.

ఇక మా వాడు పంపిన వార్త సంగతి. యూనివర్సిటీలకి హౌసింగ్ ఫైనాన్స్ ఏజెన్సీ నుంచి తక్కువ వడ్డీ అప్పులు ముందునుంచీ ఉన్నాయి, అయినా కట్టుబడి ఖర్చు పెరిగిపోయి, ప్లానింగ్ పర్మిషన్ చేతిలో ఉండి కూడా ప్రాజెక్టులు కాగితాల మీదే ఆగిపోయాయి. దాంతో 2022 చివర్లో మొదటిసారి గవర్నమెంట్ నేరుగా డబ్బిస్తామంది, డబ్లిన్ సిటీ యూనివర్సిటీ (డీసీయూ)లో 405, మేనూత్‌లో 116, రెండూ కలిపి 521 బెడ్లకి. 2024లో దానికి యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ (యూసీడీ)లో 493 కలిపి మొత్తం 1,014 బెడ్లు, సుమారు 100 మిలియన్ యూరోలు అని మళ్ళీ ప్రకటించారు. అంటే 2022లో విన్న అంకెనే 2024లోనూ విన్నాం. ఇంకో మెలిక, ఇలా డబ్బిచ్చినందుకు బదులుగా తక్కువ అద్దెకి ఇవ్వాల్సిన రూములు ఇక్కడి గవర్నమెంట్ గ్రాంట్ వచ్చే పిల్లలకి, బాగా వెనకబడ్డ కుటుంబాల పిల్లలకి. మనకి ఆ గ్రాంట్ రాదు కాబట్టి ఆ డిస్కౌంట్ కూడా రాదు. తప్పని నేను అనట్లేదు, వాళ్ళ టాక్స్ డబ్బు వాళ్ళ పిల్లలకి పెట్టుకుంటున్నారు, కాకపోతే "సబ్సిడీ హాస్టల్ అంట" అని ఇంట్లోవాళ్ళకి చెప్పి ఎడ్యుకేషన్ లోన్ తక్కువ తీసుకోకండి.

ఇంకోటి, సమ్మర్‌లో చాలా యూనివర్సిటీలు క్యాంపస్ రూముల్ని టూరిస్టులకీ కాన్ఫరెన్సులకీ ఇచ్చుకుంటాయి. మన ఎంఎస్సీ ఏమో పన్నెండు నెలలు, డిసర్టేషన్ రాసేది సరిగ్గా జూన్ నుంచి ఆగస్టు. మే నెలాఖరుకి ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతారో రూమ్ తీసుకునే రోజే అడగండి.

ప్రైవేట్ స్టూడెంట్ బిల్డింగ్

డబ్లిన్‌లో ఈ రూములు వారానికి 250 యూరోలకి తక్కువ కనిపించడం అరుదు, 300 దాటినవి బోలెడు. రేట్లు వారాల్లో చెప్తారు, అదొక ట్రిక్కు, మనం నెలకి నాలుగు వారాలని లెక్కేసుకుంటాం, సంవత్సరానికి పన్నెండు నెలలు కదా అని 48తో ఆపేస్తాం, నాలుగు వారాలు ఎటు పోయాయో ఎవరూ చూడరు.

ఖరీదు పక్కన పెడితే, రూల్స్ పరంగా స్టూడెంట్‌కి ఎక్కువ కాపుదల ఉన్నది ఇక్కడే. 2019 నుంచి స్టూడెంట్ల కోసమే కట్టిన రూములు ఆర్‌టీబీ కిందకి వచ్చాయి, అంటే ఓనరుకీ అద్దెకున్నవాళ్ళకీ గొడవొస్తే తీర్చే ప్రభుత్వ బోర్డు. 2021 ఆగస్టు నుంచి ముందుగా కట్టించుకునేది మొత్తం రెండు నెలల అద్దె మించకూడదు, ఒక నెల డిపాజిట్, ఒక నెల అడ్వాన్స్, అంతే. అంతకుముందు సెమిస్టర్ మొత్తం ఒకేసారి కట్టమనేవాళ్ళు. మీ అంతట మీరు ఎక్కువ కడతానంటే కట్టొచ్చు, అందుకే కొన్ని బుకింగ్ పేజీల్లో ఫుల్ పేమెంట్ ఆప్షన్ పైన పెద్దగా కనిపిస్తుంది, కంగారులో దాన్ని నొక్కేస్తారు, కిందకి దిగండి. ఖాళీ చెయ్యాలంటే మీరు ఇవ్వాల్సిన నోటీస్ కూడా 28 రోజులకి మించి అడగకూడదు.

2024లో ఇంకో చట్టం తెచ్చారు. అప్పటికి ఈ బిల్డింగుల వాళ్ళు చదువు తొమ్మిది నెలలైనా 51 వారాల లీజే తీసుకోవాలని పట్టుబట్టేవాళ్ళు, ఇప్పుడు 41 వారాలకి మించి బలవంతం చెయ్యకూడదు, స్టూడెంట్ తనే కావాలంటే తప్ప. లెక్క చూడండి, వారానికి 270 అనుకుంటే 51 వారాలకి 13,770, 41 వారాలకి 11,070, తేడా 2,700 యూరోలు, మన డబ్బుల్లో రెండున్నర లక్షల పైమాటే. ఐరిష్ పిల్లలకి ఇది పండగ. మనకి? సగం పండగ. 41 వారాలంటే సెప్టెంబర్‌లో మొదలెడితే జూన్‌లో అయిపోతుంది, డిసర్టేషన్ సగంలో, పార్ట్‌టైమ్ జాబ్ మధ్యలో, సామాన్లు రోడ్డు మీద. కాబట్టి ఎంఎస్సీ వాళ్ళు 41కి సైన్ చేసి, మిగతా పది వారాలకి స్నేహితుల ఇంట్లో చిన్న రూమ్ ముందే మాట్లాడి పెట్టుకుంటే ఆ 2,700లో సగమైనా మిగులుతుంది, అలా మాట్లాడుకునే ధైర్యం లేకపోతే 51 వారాలు మీరే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

నన్నడిగితే, పద్దెనిమిదేళ్ళ పిల్లని డిగ్రీకి పంపుతున్న తల్లిదండ్రులు, ఇక్కడ తెలిసినవాళ్ళు ఒక్కరూ లేనివాళ్ళు, మొదటి ఏడాది దీనికి డబ్బు పెట్టినా అర్థం ఉంది. లోన్ మీద ఎంఎస్సీకి వచ్చేవాళ్ళు, వారానికి 20 గంటల పనితో ఈ అద్దె కట్టేస్తా అనుకుంటే అవ్వదు, రాసి పెట్టుకోండి.

డిగ్స్

దీని గురించి మన దగ్గర ఎవరికీ సరిగ్గా తెలీదు, కానీ ఆగస్టులో నిజంగా దొరికేది ఇదే, అందుకని కొంచెం ఎక్కువ రాస్తా. డిగ్స్ అంటే ఓనర్ తను ఉండే ఇంట్లోనే ఒక రూమ్ స్టూడెంట్‌కి ఇవ్వడం. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయిన ఆంటీలు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు, ఇంటి లోన్ కట్టుకుంటున్న జంటలు, ఇలాంటోళ్ళు ఇస్తారు.

వీళ్ళెందుకు ఇస్తారంటే టాక్స్. రెంట్ ఎ రూమ్ అని ఒక స్కీమ్ ఉంది, సొంత ఇంట్లో రూమ్ అద్దెకిస్తే ఏడాదికి 14,000 యూరోల వరకు రూపాయి టాక్స్ లేదు, సారీ, సెంటు టాక్స్ లేదు. 2017 నుంచి ఇదే లిమిట్, అంతకుముందు 12,000. భోజనం, కరెంట్, బట్టలుతికినందుకు తీసుకునేది కూడా అందులోనే. 14,000కి ఒక్క యూరో దాటినా మొత్తం మీద టాక్స్ పడుతుంది, పైన దాటినదాని మీద మాత్రమే కాదు. అంటే నెలకి 1,166 యూరోలు అనేది ఓనర్ల మనసులో ఒక గీత, ఒకే రూమ్ ఇచ్చేవాళ్ళు దాన్ని దాటి అడిగితే వాళ్ళకే నష్టం. బేరమాడేటప్పుడు ఇది తెలిసి ఉండటం మంచిది. 2023లో కౌన్సిల్ ఇళ్ళలో, అంటే ప్రభుత్వం ఇచ్చిన ఇళ్ళలో, ఉండేవాళ్ళు కూడా స్టూడెంట్లకి రూమ్ ఇచ్చుకోవచ్చని వీలు కల్పించారు. ఇటుక పేర్చకుండా, ప్లానింగ్ పర్మిషన్ లేకుండా, ఇప్పటికే ఉన్న ఇళ్ళలోంచి బెడ్లు బయటికి తీసిన స్కీమ్ ఇది, గవర్నమెంట్ చేసినవాటిలో ఖర్చుకి తగ్గ ఫలితం ఇచ్చింది ఇదేనని నా అభిప్రాయం.

మరి లోపం ఏంటంటే, డిగ్స్‌లో ఉండే మీరు చట్టం లెక్కలో అద్దెదారు కాదు, లైసెన్సీ, అంటే ఒకరకంగా ఇంటికొచ్చిన చుట్టం లాగా. ఆర్‌టీబీ వర్తించదు, అద్దె పెంపుకి సీలింగ్ లేదు, పైన చెప్పిన రెండు నెలల లిమిట్ కూడా ఇక్కడ లేదు, ఓనరు ఖాళీ చెయ్యమంటే "సహేతుకమైన" నోటీస్ ఇస్తే చాలు, ఆ సహేతుకం ఎన్ని రోజులో చట్టంలో రాసి లేదు. డిపాజిట్ ఎగ్గొడితే 2,000 యూరోల లోపు అయితే స్మాల్ క్లెయిమ్స్ కింద డిస్ట్రిక్ట్ కోర్టు ఆఫీస్‌లో వేసుకోవచ్చు, ఆ ఒక్క దారి ఉంది. స్టూడెంట్ సంఘాలు డిగ్స్‌కి కూడా చట్టం తెండి అని ఏళ్ళ తరబడి అడుగుతున్నాయి. చట్టం పెడితే ఓనర్లు భయపడి రూములు ఇవ్వడం మానేస్తారన్నది అవతలి వాదన. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది నాకు, రూమ్ దొరికినప్పుడు అవతలివాళ్ళ మాట, ఖాళీ చెయ్యమన్నప్పుడు ఇవతలివాళ్ళ మాట.

నా అనుభవం ఒకటి చెప్తా. నేను వచ్చిన కొత్తలో ఒక యాడ్‌లో అద్దె చూసి ఎగిరి గంతేశా, మిగతావాటికన్నా బాగా తక్కువ, వెంటనే సరే అన్నా. దిగాక శుక్రవారం పొద్దున ఆంటీ వచ్చి "సాయంత్రం ఎన్నింటికి బయల్దేరుతున్నావు నాయనా" అన్నట్టు అడిగింది. ఎక్కడికి? ఇంటికి! అది ఐదు రోజుల డిగ్స్. ఐరిష్ పిల్లలు సోమవారం వచ్చి శుక్రవారం వాళ్ళ ఊరు పోతారు, వీకెండ్ రూమ్ ఖాళీ చెయ్యాలి, అందుకే అద్దె తక్కువ. మా ఊరు పోవాలంటే దోహా మీదుగా పోవాలి అని చెప్తే ఆవిడ నవ్వింది కానీ రూల్ మార్చలేదు. ఏడు వీకెండ్లు ఒక ఫ్రెండ్ సోఫా మీద పడుకున్నా, వాడి రూమ్మేట్ మొహం ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి మొదటి ప్రశ్న, ఐదు రోజులా ఏడు రోజులా. రెండోది, క్రిస్మస్ సెలవులకి ఉండొచ్చా. మూడోది వంట. కొంతమంది ఓనర్లు రాత్రి భోజనం వాళ్ళే పెడతారు, ఉడకబెట్టిన ఆలుగడ్డ రోజూ తినగలిగితే మంచిదే, కొంతమంది కిచెన్ వాడుకోమంటారు కానీ పోపు పెడితే పొగ అలారం మోగుతుంది, ఇంగువ వాసనకి కిటికీలన్నీ తెరిచేస్తారు, జనవరి చలిలో. దాపరికం వద్దు, ముందే చెప్పెయ్యండి మేం రోజూ వండుకుంటాం, వాసన వస్తుంది అని. ఒప్పుకున్న ఇంట్లో హాయిగా ఉంటారు. ఆ తర్వాత హీటర్ ఎన్ని గంటలు వేస్తారు, వాషింగ్ మెషీన్ వారానికి ఎన్నిసార్లు, ఫ్రెండ్ ఒకడొచ్చి గంట కూర్చోవచ్చా, పీపీఎస్ నంబర్ కోసం అడ్రస్ లెటర్ ఇస్తారా.

ఇవన్నీ ఒక కాగితం మీద రాయించుకోండి, చాలా కాలేజీల అకామడేషన్ ఆఫీసుల్లో డిగ్స్ అగ్రిమెంట్ నమూనా దొరుకుతుంది, డిగ్స్ లిస్ట్ కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఆ కాగితంలో నోటీస్ నాలుగు వారాలు అని ఒక్క లైన్ రాయించుకున్నా చట్టం ఇవ్వనిది మీరు సంపాదించుకున్నట్టే. ఇంకా ఒక టైమింగ్ విషయం, ఇక్కడి ఇంటర్ రిజల్ట్స్ లాంటివి, లీవింగ్ సర్ట్ అంటారు, ఆగస్టు చివర్లో వస్తాయి, ఆ వారం ఐరిష్ తల్లులందరూ ఒకేసారి ఫోన్లు పట్టుకుని డిగ్స్ వెతుకుతారు. మీరు అంతకన్నా ముందు, జూలైలోనే ఓనర్‌తో వీడియో కాల్ అయిపోయుండాలి. జనవరి ఇంటేక్ వాళ్ళకి మాత్రం కొంచెం తేలిక, మొదటి సెమిస్టర్‌లో చదువు మానేసి వెళ్ళిపోయిన పిల్లల రూములు ఖాళీ అవుతాయి.

షేరింగ్ ఇల్లు

మనోళ్ళలో ఎక్కువమంది చివరికి తేలేది ఇక్కడే. ఓనర్ వేరేచోట ఉంటాడు, నలుగురైదుగురు కలిసి ఇల్లు తీసుకుంటారు, వంట షిఫ్టులు, ఆదివారం చికెన్, బాత్రూమ్ దగ్గర క్యూ, ఇంటి దగ్గర ఉన్నట్టే ఉంటుంది. హక్కులు కూడా బాగా ఉంటాయి, అగ్రిమెంట్‌లో పేరుంటే. ఓనరు ఆర్‌టీబీలో రిజిస్టర్ చెయ్యాలి, ఆరు నెలల్లోపే ఖాళీ చెయ్యమనాలన్నా 90 రోజుల నోటీస్ ఇవ్వాలి, ఆ ఆరు నెలల్లోపు మీరు వెళ్ళాలంటే మాత్రం 28 రోజులు చాలు. అద్దె పెంపుకి ఏడాదికి 2 శాతం సీలింగ్ ముందు కొన్ని ఏరియాల్లోనే ఉండేది, 2025 జూన్ 20 నుంచి దేశం మొత్తానికి వర్తింపజేశారు. 2,400 అద్దె ఇంటికి 2 శాతం అంటే 48 యూరోలు, ఐదుగురు పంచుకుంటే తలకి పది కూడా కాదు.

అయితే ఇందులో చిన్న లొసుగు ఉంది. 2026 మార్చి 1 నుంచి మొదలయ్యే కొత్త అద్దెలకి రూల్స్ మార్చారు, అద్దెకున్నవాళ్ళు తమంతట తాము ఖాళీ చేస్తే ఓనరు తర్వాత వచ్చేవాళ్ళకి మార్కెట్ రేటు పెట్టుకోవచ్చు. ఇలా చేస్తే ఇళ్ళు కట్టేవాళ్ళు, అద్దెకిచ్చేవాళ్ళు పెరుగుతారని గవర్నమెంట్ లెక్క. కావచ్చు. కానీ ఏడాదికోసారి మారిపోయేది ఎవరు? స్టూడెంట్లే. అందుకని కొత్త ఇల్లు మొదట్నుంచీ తీసుకోవడం కన్నా, పాత అగ్రిమెంట్ నడుస్తున్న ఇంట్లోంచి ఒకళ్ళు వెళ్ళిపోతుంటే ఆ ప్లేస్‌లో, ఓనర్ ఒప్పుకుని పేరు ఎక్కించేలా చేరడం మంచిదని నేనంటా.

పేరు ఎక్కించడం అనేదే అసలు విషయం. మనోళ్ళ ఇళ్ళలో జరిగేదేంటంటే, లీజ్ ఒకడి పేరున ఉంటుంది, వాడు రూముకి ముగ్గుర్ని పెడతాడు, అద్దె క్యాష్‌లో తీసుకుంటాడు, ఓనరుకి ఎంతమంది ఉన్నారో తెలీదు. తెలిసిన రోజు అందరూ బయటే. "మనూరోడే కదా" అని డిపాజిట్ ఇచ్చి, వెళ్ళిపోయేటప్పుడు "నీ ప్లేస్‌లో ఇంకొకణ్ణి తెచ్చి వాడి దగ్గర తీసుకో" అని చెప్పించుకున్నవాళ్ళు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు. వాడు చెడ్డోడని కాదు, వాడి డిపాజిట్ కూడా అంతకుముందు వాడెవడి దగ్గరో ఇరుక్కుని ఉంటుంది. అద్దె బ్యాంక్ ట్రాన్స్‌ఫర్‌లోనే కట్టండి, ఎందుకు అనేదాంట్లో "రూమ్ రెంట్" అని నెల పేరుతో సహా రాయండి.

అలా రాస్తే ఇంకో లాభం కూడా ఉంది. రెంట్ టాక్స్ క్రెడిట్ అని ఉంది, కట్టిన అద్దెలో 20 శాతం, ఒక్కళ్ళకి ఏడాదికి 1,000 యూరోల దాకా, డిగ్స్‌కి కూడా వర్తిస్తుంది. కాకపోతే అది మీరు కట్టిన టాక్స్‌లోంచే తిరిగొస్తుంది. సుమారు 20,000 యూరోల సంపాదన వరకు ఇన్‌కమ్ టాక్స్ పడదు కాబట్టి చదివేటప్పుడు పార్ట్‌టైమ్ మీద పెద్దగా ఏం రాదు, కానీ చదువైపోయి అదే క్యాలెండర్ సంవత్సరంలో జాబ్ వస్తే ఆ ఏడాది కట్టిన అద్దెకి క్లెయిమ్ చేసుకోవచ్చు, రసీదులు దాచినవాడికి డబ్బు, దాచనివాడికి బాధ.

డబ్లిన్ దాటి చూస్తే

ఆప్షన్లు పోల్చేవాళ్ళు ఊరు కూడా పోల్చాలి, రూమ్ ఒక్కటే కాదు. యూనివర్సిటీ ఆఫ్ లిమరిక్‌కి ప్లాసీ, కిల్మరీ, డ్రోమ్రో, థోమండ్, క్యాపావిల్లా అని క్యాంపస్ విలేజీలు ఉన్నాయి, డబ్లిన్‌తో పోలిస్తే అద్దె కూడా తక్కువ. మరోపక్క 2019 నుంచి 2022 దాకా పాత కాలేజీల్ని కలిపి టెక్నలాజికల్ యూనివర్సిటీలు చేశారు, టీయూ డబ్లిన్, ఎంటీయూ, టీయూఎస్, ఏటీయూ, ఎస్ఈటీయూ. మనోళ్ళు వీటికి బాగా వస్తున్నారు, ఫీజు తక్కువ కదా. కానీ మిగతా యూనివర్సిటీల్లాగా అప్పు చేసి హాస్టళ్ళు కట్టుకునే వీలు వీటికి మొదట్నుంచీ లేకపోవడంతో సొంత బెడ్లు దాదాపు లేవు. ఫీజులో మిగిలింది అద్దెలో పోతుందా అని ఒకసారి లెక్కేసుకోండి. అథ్లోన్, కార్లో లాంటి చిన్న ఊళ్ళలో డిగ్స్ బాగానే నడుస్తుంది, పార్ట్‌టైమ్ జాబులు మాత్రం డబ్లిన్ అన్ని దొరకవు. మేనూత్ మధ్యరకం, డబ్లిన్‌కి ట్రైన్ ఉంది, స్టూడెంట్ లీప్ కార్డ్ (బస్సు, ట్రైన్ ఛార్జీలకి వాడే కార్డు) ఉంటే డబ్లిన్ సిటీలో తొంభై నిమిషాల ప్రయాణం ఒక్క యూరోనే, అందుకని కాలేజీ పక్కనే ఉండాలని పట్టుబట్టకుండా బస్సులో నలభై నిమిషాల దూరం వరకు వెతకండి.

ఇక నన్ను ఒక్కమాటలో చెప్పమంటే, ఏడాది ఎంఎస్సీకి లోన్ మీద వచ్చేవాళ్ళు ముందు క్యాంపస్‌కి అప్లై చేసి పెట్టండి, అది రాకపోతే ఏడు రోజుల డిగ్స్ మూడు నెలలకి కుదుర్చుకుని దిగండి, దిగాక డిసెంబర్ లోపు మనుషుల్ని కళ్ళారా చూసి, లీజ్‌లో పేరు ఎక్కించే షేరింగ్ ఇంటికి మారండి. ఇండియాలో కూర్చుని షేరింగ్ ఇంటికి డబ్బు పంపొద్దు, అన్నిటికన్నా ఎక్కువ మోసాలు అక్కడే. భార్యాభర్తలు వస్తుంటే పై లెక్కలేవీ పనికిరావు, డిగ్స్ ఓనర్లు ఇద్దరికి ఇవ్వరు, క్యాంపస్‌లో జంటలకి ఉండేవి అతి తక్కువ, మీరు నేరుగా మామూలు అద్దె ఇళ్ళే చూసుకోవాలి, ఒకళ్ళు ముందొచ్చి ఇల్లు చూశాక రెండోవాళ్ళు రావడం నయం.

మా పిన్ని కొడుక్కి క్యాంపస్ రాలేదు, వెయిటింగ్ లిస్ట్‌లో ఎక్కడో ఉన్నాడు. ఇద్దరు డిగ్స్ ఓనర్లతో వీడియో కాల్ అయింది, ఒకావిడ ఇంట్లో రెండు పిల్లులు, రెండో ఆయన కిచెన్ రాత్రి ఎనిమిది తర్వాత వాడొద్దన్నాడు. వీడు పిల్లుల వైపు మొగ్గుతున్నాడు. ఈలోగా ఎవడో వాట్సాప్‌లో సిటీ సెంటర్‌లో రూమ్, 450 యూరోలు, ఓనర్ ప్రస్తుతం విదేశాల్లో ఉన్నాడు, డిపాజిట్ పంపితే తాళం కొరియర్ చేస్తాడు అని ఫొటోలు పంపాడంట, వాడు వాటిని నాకు పంపి "ఎలా ఉంది అన్నా" అన్నాడు. ఫొటోలో కిటికీ బయట ఈతచెట్లు కనిపిస్తున్నాయిరా అన్నా.